పెద్ద వంతెన భూకంపానికి సిద్ధంగా ఉందా? స్వతంత్ర భద్రతా సమీక్ష జరిపే విధానం

వంతెనను డిజైన్ చేసిన సంస్థే ‘భూకంపానికి ఢోకా లేదు’ అని ధ్రువపత్రం ఇస్తే సరిపోదని అందరూ ఒప్పుకుంటారు. అయితే బయటివారిని పిలిచి సమీక్ష చేయించాలంటే ఎవరిని పిలవాలి, వారి చేతికి ఏయే కాగితాలు ఇవ్వాలి, వారు దేని తర్వాత దేన్ని చూడాలి అనే ప్రశ్నలు ఇంజినీరింగ్ శాఖల్లో పనిచేసేవారి నుంచి, కన్సల్టెన్సీల్లో కొత్తగా చేరినవారి నుంచి తరచుగా వస్తున్నాయి. వారి కోసమే ఈ మార్గదర్శి.

ఉదాహరణగా కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లాండ్ బే బ్రిడ్జి తూర్పు భాగాన్ని తీసుకుంటున్నాను. శాన్ ఆండ్రియాస్, హేవర్డ్ అనే రెండు పెద్ద భ్రంశాల (భూమి పొరల్లోని చీలికల) నడుమ ఉన్న ఈ వంతెనలో పాతదాని లోపం 1989లో భూకంపం వచ్చి బయటపెట్టింది; కొత్తదాని లోపం 2013లో, భూకంపం రాకముందే, బోల్టులు బిగిస్తున్నప్పుడు బయటపడింది. సమీక్ష చేసేవారికి ఈ రెండూ చెరో పాఠం.

1. ముందుగా ప్రశ్నను కాగితం మీద పెట్టండి

‘వంతెన సురక్షితమా?’ అన్న ప్రశ్నకు ఏ ఇంజినీరూ సూటిగా జవాబు చెప్పలేడు. ఎంత భూకంపానికి, ఏ స్థాయి నష్టంతో, ఎన్ని గంటల్లో మళ్లీ వాహనాలు నడవాలి అన్న మూడు అంశాలు తేలితేనే అది సమీక్షించదగిన ప్రశ్న అవుతుంది.

సాధారణంగా రెండు స్థాయులు నిర్ణయిస్తారు. తరచుగా వచ్చే ఒక మోస్తరు భూకంపానికి వంతెన దాదాపు చెక్కుచెదరకూడదు. అరుదుగా వచ్చే పెద్ద భూకంపానికి నష్టం జరగవచ్చు గాని, అది ముందుగా ఎంచిన భాగాల్లో మాత్రమే, మరమ్మతు చేయగలిగినంత మేరకే జరగాలి. బే బ్రిడ్జి కొత్త తూర్పు భాగానికి పెద్ద భూకంపంగా 1,500 ఏళ్ల పునరావృత కాలం ఉన్నదాన్ని, సేవాకాలంగా 150 ఏళ్లను తీసుకున్నారు.

ఈ అంకెను సమీక్షకుడు యజమానికి విడమరచి చెప్పాలి. 1,500 ఏళ్ల పునరావృత కాలం అంటే 1,500 ఏళ్లకు ఒక్కసారే వస్తుందని కాదు. 150 ఏళ్ల సేవాకాలంలో అంతటి కుదుపు కనీసం ఒకసారి వచ్చే అవకాశం దాదాపు 10 శాతం అని. ఆ 10 శాతం సమ్మతమో కాదో చెప్పవలసింది యజమాని, ప్రభుత్వమే గాని సమీక్షకుడు కాదు.

ఈ దశ ముగిసేసరికి చేతిలో ఉండవలసినవి:

- రెండు స్థాయుల భూకంపాలు, వాటి పునరావృత కాలాలు
- ఒక్కో స్థాయికి అనుమతించే నష్టం, ఏ భాగంలో ఎంత అన్న వివరం
- అంబులెన్సులకు, ఆ తర్వాత మామూలు వాహనాలకు వంతెన తెరవవలసిన గడువు
- సమీక్ష పరిధిలోకి వచ్చే భాగాల జాబితా. అప్రోచ్ స్పాన్లు (ప్రధాన వంతెనకు చేర్చే పక్క భాగాలు) తప్పనిసరిగా ఇందులో ఉండాలి

చివరి అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1995 జనవరి 17న జపాన్‌లో కోబె భూకంపం వచ్చినప్పుడు నిషినోమియా రేవు వంతెన ప్రధాన ఆర్చి నిలబడింది, దాని పక్కనున్న అప్రోచ్ స్పాన్ జారి కింద పడింది. ఆర్చి నిలిచినందుకు ఆ రోజు ఎవరికీ ప్రయోజనం కలగలేదు.

2. బృందాన్ని కూర్చండి, స్వతంత్రతను ఒప్పందంలో రాయించండి

సమీక్షకు డబ్బిచ్చేది యజమానే. అందులో తప్పు లేదు. మరొకరు ఇవ్వరు కూడా. స్వతంత్రత ఎవరి జేబులోంచి ఫీజు వచ్చిందన్న దానికంటే, ఎవరికి ఏ కాగితం అడిగే హక్కు ఉంది, నివేదికలో వాక్యం మార్చే అధికారం ఎవరికి ఉంది అన్నవాటి మీద ఎక్కువ ఆధారపడుతుంది.

1989 భూకంపం తర్వాత కాలిఫోర్నియా గవర్నర్ నియమించిన విచారణ బోర్డుకు జార్జ్ హౌస్నర్ అధ్యక్షత వహించారు. ముఖ్యమైన కట్టడాలకు బయటి నిపుణుల సమీక్ష తప్పనిసరి చేయాలన్నది ఆ బోర్డు సిఫార్సుల్లో ఒకటి. కొత్త బే బ్రిడ్జికి వేసిన భూకంప సమీక్ష బృందంలో ఫ్రీడర్ సైబుల్, జాన్ ఫిషర్, ఐ.ఎం. ఇద్రిస్ ఉండేవారు. ఒకరు కట్టడాల భూకంప ప్రవర్తనలో, ఒకరు ఉక్కు కట్టడాల్లో, ఒకరు నేల ప్రవర్తనలో పేరున్నవారు. ఒకే విద్య నేర్చిన ముగ్గురిని కూర్చోబెడితే ముగ్గురూ ఒకేచోట చూస్తారు, ఒకేచోట చూడరు. అందుకే ఈ కలయిక అవసరం.

నా సలహా ఏమిటంటే ఈ ముగ్గురికి మరో ఇద్దరిని చేర్చాలి. ఒకరు లోహ శాస్త్రం తెలిసినవారు. మరొకరు వంతెనల నిర్వహణలో ఏళ్ల తరబడి బేరింగులు (వంతెన దూలాల కింద పెట్టే ఆధారాలు) మార్చిన, జాయింట్లు బాగుచేసిన ఫీల్డ్ ఇంజినీరు. ఈ రెండో వ్యక్తిని చాలా బృందాలు పెద్ద డిగ్రీ లేదని పిలవవు. సైట్‌లో మొదటి లోపాన్ని పట్టుకునేది మాత్రం సాధారణంగా ఆయనే.

ఒప్పందంలో ఉండవలసిన షరతులు:

- సభ్యులెవరికీ ఆ వంతెన డిజైన్‌లోగాని, నిర్మాణంలోగాని, పర్యవేక్షణలోగాని పాత్ర లేదన్న రాతపూర్వక ప్రకటన
- అడిగిన కాగితం నిర్ణీత గడువులో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ విషయం నివేదికలో నమోదవుతుంది
- ముసాయిదాపై యజమాని అభిప్రాయం చెప్పవచ్చు గాని, వాక్యాలు మార్చకూడదు
- భిన్నాభిప్రాయం ఉన్న సభ్యుడి మాట విడిగా అచ్చవుతుంది
- ఫీజు నివేదిక సారాంశంతో సంబంధం లేకుండా చెల్లిస్తారు

ఇంకొక విషయం. మొదట డిజైన్‌ను సమీక్షించి సరేనన్న బృందమే, తర్వాత బయటపడిన లోపానికి మరమ్మతును కూడా సమీక్షిస్తే, వారు ఎంత నిజాయితీపరులైనా తమ పాత మాటను తామే తూచవలసి వస్తుంది. అటువంటప్పుడు మరో జత కళ్లు కావాలి. 2013లో బే బ్రిడ్జి బోల్టుల లోపానికి వేసిన తాత్కాలిక మరమ్మతు ప్రతిపాదనను అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ చేత కూడా విడిగా పరీక్ష చేయించడం అందుకే సరైన పద్ధతి.

3. కాగితాలు సేకరించండి: గీసినవి కాదు, కట్టినవి

డిజైన్ డ్రాయింగులు అడిగిన రోజే వస్తాయి. నిజంగా కట్టినదాన్ని చూపే యాజ్ బిల్ట్ డ్రాయింగులు ఆలస్యంగా వస్తాయి, కొన్నిసార్లు రావు. సమీక్షకు కావలసింది రెండోవే.

- డిజైన్ బేసిస్ రిపోర్టు, ఆ కాలంలో వర్తించిన కోడ్ (నిర్మాణ నియమావళి) ప్రతి
- యాజ్ బిల్ట్ డ్రాయింగులు, సైట్‌లో మార్పులకు ఇచ్చిన అనుమతులు
- నాణ్యతా లోపాల నమోదు పుస్తకం, ప్రతి లోపాన్ని ఎలా ముగించారన్న వివరం
- ఉక్కు, బోల్టులు, బేరింగుల మిల్లు పరీక్షా పత్రాలు
- పునాదుల బోర్‌లాగ్‌లు (నేలను తొలిచి చూసిన పొరల నమోదులు), పైల్ లేదా వెల్ ఫౌండేషన్ రికార్డులు
- ఇప్పటిదాకా జరిగిన తనిఖీ నివేదికలు, ఫొటోలతో సహా

వీటిలో అన్నిటికంటే ముందుగా లోపాల నమోదు పుస్తకం చదవండి. ‘యథాతథంగా అంగీకరించడమైనది’ అని ముగిసిన ప్రతి నమోదు దగ్గర గుర్తు పెట్టుకోండి. ఏ భాగం తయారైన తేదీకి, దాన్ని బిగించిన తేదీకి మధ్య ఎంత కాలం గడిచిందో, ఆ కాలమంతా అది ఎక్కడ, ఏ స్థితిలో ఉందో కూడా రాసుకోండి. ఈ అలవాటు ఎందుకో ఎనిమిదో విభాగంలో తెలుస్తుంది.

4. నేలను, కుదుపును విడిగా తేల్చుకోండి

కోడ్ పుస్తకంలోని జోన్ పటం ఇళ్లకు, చిన్న కల్వర్టులకు చాలవచ్చు. పెద్ద వంతెనకు ఆ స్థలానికే ప్రత్యేకమైన భూకంప అధ్యయనం ఉండాలి.

ఇందులో మూడు విషయాలు చూడాలి. మొదటిది, పునాదుల కింది ఇసుక ద్రవీకరణకు లోనవుతుందా అన్నది. నీటితో నిండిన వదులు ఇసుక కుదుపుకు పట్టు కోల్పోయి పక్కకు పారుతుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో అప్పుడే కొత్తగా కట్టిన షోవా వంతెన ఈ కారణంగానే కూలింది. రెండోది, దగ్గరి భ్రంశం నుంచి వచ్చే ఒక్క పెద్ద తోపు. మూడోది, పొడవైన వంతెన పియర్లన్నీ (వంతెనను మోసే స్తంభాలన్నీ) ఒకే క్షణంలో, ఒకే తీరుగా కదలవు. ఒక చివర బండరాయి మీద, మరో చివర బురద మీద ఉంటే తేడా మరీ ఎక్కువ. బే బ్రిడ్జి తూర్పు భాగం పరిస్థితి ఇదే: ఒక చివర ద్వీపపు రాయి, అక్కడి నుంచి ఓక్లాండ్ వైపు సాగేకొద్దీ లోతైన మెత్తటి బురద.

తెలుగు నేలకు వస్తే, 2016 నాటి భారత భూకంప కోడ్ పటంలో విజయవాడ మూడో జోన్‌లో, హైదరాబాద్, విశాఖపట్నం అంతకంటే తక్కువ ముప్పు ఉన్న రెండో జోన్‌లో ఉండేవి. 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. కాలిఫోర్నియాతో పోల్చదగిన ముప్పు కాదు గాని, కృష్ణా, గోదావరి డెల్టాల ఇసుక మీద కట్టిన వంతెనకు ద్రవీకరణ లెక్క అడగకుండా సమీక్ష ముగించడం సరికాదు.

5. భారం దిగే దారిని వేలితో గీయండి

కంప్యూటర్ తెరవకముందు చేయవలసిన పని ఇది, నా లెక్కలో సమీక్ష మొత్తానికి గుండెకాయ. డెక్ (వాహనాలు నడిచే తలం) మీద పుట్టిన పార్శ్వ బలం గర్డరులోకి (దాన్ని మోసే దూలంలోకి), అక్కడి నుంచి బేరింగుకు లేదా షియర్ కీకి (పక్కకు జరగకుండా ఆపే అమరికకు), దాని బోల్టులకు, పియర్ క్యాప్‌కు, పియర్‌కు, పునాదికి, నేలకు ఎలా దిగుతుందో డ్రాయింగు మీద వేలు పెట్టి నడిపించాలి. వేలు ఎక్కడ ఆగితే అక్కడ ఒక ప్రశ్న రాసుకోవాలి. చాలాసార్లు అది పెద్ద పియర్ దగ్గర ఆగదు, అతుకు దగ్గర ఆగుతుంది.

1989 అక్టోబరు 17న 6.9 తీవ్రతతో వచ్చిన లోమా ప్రియెటా భూకంపంలో పాత బే బ్రిడ్జి ఈ9 పియర్ దగ్గర పై అంతస్తులోని దాదాపు 15 మీటర్ల ముక్క కింది అంతస్తు మీద పడింది. ఒక వాహనదారు మరణించారు. అక్కడ ట్రస్ (ఉక్కు చట్రం) విరగలేదు, పియర్ కూలలేదు; అతుకు బోల్టులు తెగాయి, కదలికకు సీటు చాలలేదు. అంతే. వంతెన నెల రోజులు మూతపడింది.

సీటు అంటే గర్డరు చివర కూర్చునే ఆధారపు వెడల్పు. భూకంప తీవ్రత ఎక్కువగా ఉండే ప్రాంతాల కోసం అమెరికా, భారత నియమావళుల్లో వాడుకలోకి వచ్చిన ఒక సూత్రం ప్రకారం కనీస సీటు మిల్లీమీటర్లలో 305 + 2.5 × పొడవు + 10 × ఎత్తు. పొడవు, ఎత్తు మీటర్లలో తీసుకోవాలి. ఉదాహరణకు 40 మీటర్ల స్పాన్, 15 మీటర్ల పియర్ అయితే 305 + 100 + 150, అంటే 555 మిల్లీమీటర్లు. ఇది కనీసం మాత్రమే. లెక్కలో వచ్చిన అసలు కదలిక ఇంతకంటే ఎక్కువైతే అదే ప్రమాణం. మీ ప్రాజెక్టుకు వర్తించే కోడ్‌లో తాజా రూపం చూసుకోండి.

అతుకుల తర్వాత కాంక్రీటు పియర్లు. కోబెలో హాన్‌షిన్ ఎక్స్‌ప్రెస్‌వే 635 మీటర్ల పొడవున పక్కకు ఒరిగిపోవడానికి, పియర్ల నిలువు చువ్వల్లో కొన్నిటిని మధ్య ఎత్తులోనే ఆపేయడం, చుట్టూ కట్టిన రింగులు చాలకపోవడం ముఖ్య కారణాలు. కాబట్టి ప్రతి పియర్‌కూ అడుగు భాగంలో రింగుల దూరం, రింగు కొన లోపలికి వంచిన కోణం, నిలువు చువ్వల అతుకులు ఎక్కడ ఉన్నాయన్నది చూడాలి.

చివరగా, నష్టం ఎక్కడ జరగాలని డిజైనరు ఉద్దేశించారో అడగండి. బే బ్రిడ్జి 160 మీటర్ల టవరు నిజానికి నాలుగు కాళ్లు. వాటిని కలిపే అడ్డ దూలాలు పెద్ద కుదుపుకు ముందుగా లొంగి, శక్తిని పీల్చుకుని, తర్వాత మార్చుకోవడానికి వీలుగా పెట్టారు. ఇటువంటి ‘బలి భాగం’ ఏదో డిజైనరు చెప్పలేకపోతే, దాన్ని భూకంపమే ఎంచుకుంటుంది.

6. లెక్కను మొదటి నుంచి మీరే చేయండి

డిజైనరు కంప్యూటర్ ఫైలు తీసుకుని మళ్లీ నడిపితే అదే జవాబు వస్తుంది. దాన్ని సమీక్ష అనరు. యాజ్ బిల్ట్ డ్రాయింగుల నుంచి కొత్త మోడల్ తయారుచేయండి. వీలైతే వేరే సాఫ్ట్‌వేర్‌లో.

దానికి ముందు చేతి లెక్క. ఒక పియర్ మీద 1,000 టన్నుల ద్రవ్యరాశి, పియర్ దృఢత్వం మీటరుకు 40,000 కిలోన్యూటన్లు అయితే ఊగే కాలం దాదాపు 1 సెకను. కాంక్రీటు పగుళ్లిచ్చి దృఢత్వం సగానికి పడిపోతే అది 1.4 సెకన్లవుతుంది. కాలం పెరిగితే బలం సాధారణంగా తగ్గుతుంది, కదలిక పెరుగుతుంది. పగుళ్లను పట్టించుకోని మోడల్ పియర్ బలానికి సురక్షితమైన జవాబు ఇస్తూనే, సీటు వెడల్పుకు ప్రమాదకరమైన జవాబు ఇస్తుంది. రెండు హద్దులూ నడిపి, ఒక్కో భాగానికి ఏది కఠినమైతే దాన్ని తీసుకోండి.

మీ జవాబుకు, డిజైనరు జవాబుకు తేడా వస్తే వెంటనే ఫోన్ చేయకండి. తేడా ద్రవ్యరాశిలో వచ్చిందా, దృఢత్వంలోనా, నేల పట్టును మోడల్‌లో చూపే స్ప్రింగుల్లోనా అన్నది మీరే తేల్చుకుని, తర్వాత రాతపూర్వకంగా అడగండి.

7. వంతెన మీదికి, ముఖ్యంగా వంతెన కిందికి వెళ్లండి

డెక్ మీద నడిచి, ఫొటో దిగి వచ్చే తనిఖీలు ఎందుకూ పనికిరావు. పియర్ క్యాప్ మీదికి ఎక్కే నిచ్చెన లేదా బకెట్ క్రేన్ ముందుగా ఏర్పాటు చేయించండి.

అక్కడ కనిపించేవి డ్రాయింగులో ఉండవు. రెండు గర్డర్ల మధ్య ఉండవలసిన ఖాళీలో నిర్మాణ సమయంలో తీయకుండా వదిలేసిన సెంట్రింగ్ చెక్క ఉంటుంది. దాని మీద కారి గట్టిపడిన సిమెంటు పాలు ఉంటాయి. బేరింగు చుట్టూ పావురాల రెట్ట, మట్టి పేరుకుని రబ్బరు అంచు ఎటు ఉబ్బిందో కనిపించదు. కాగితం మీద కదిలే గర్డరు, అక్కడ బిగుసుకుపోయి ఉంటుంది. భూకంప బలం అన్ని పియర్లకూ పంచుకోకుండా ఒక్క పియర్ మీదే పడటానికి ఆ చెక్క ముక్క చాలు.

కొలిచేటప్పుడు పాటించవలసినవి:

- ఖాళీలను, సీటు వెడల్పును టేపుతో కొలిచి, ఆ సమయంలో గర్డరు ఉష్ణోగ్రత కూడా రాయాలి. 40 మీటర్ల స్పాన్ 20 డిగ్రీల తేడాకు దాదాపు 10 మిల్లీమీటర్లు మారుతుంది
- సీటును కాంక్రీటు అంచు నుంచి కాకుండా, అంచు రాలిపోయినచోట గట్టిగా ఉన్న భాగం నుంచి కొలవాలి
- గర్డరు హద్దు దాటకుండా ఆపే స్టాపర్‌కు, గర్డరుకు మధ్య ఖాళీ రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడాలి
- నీరు నిలిచిన ప్రతి రంధ్రాన్ని, గొట్టాన్ని, గుంటను నమోదు చేయాలి

8. లోపం దొరికితే: ఈ2 పియర్ నేర్పిన వరుస

2013 మార్చిలో కొత్త బే బ్రిడ్జి ఈ2 పియర్ మీద రెండు షియర్ కీలను పట్టి ఉంచే 96 యాంకర్ రాడ్లను బిగించారు. 3 అంగుళాల మందం ఉన్న ఆ రాడ్లలో 32 కొద్ది రోజుల్లోనే తెగిపోయాయి. అవి అమెరికా ప్రమాణాల్లో ఏఎస్‌టీఎం ఏ354 గ్రేడ్ బీడీ అనే రకం, చాలా గట్టి ఉక్కు, జింకు పూత పూసినవి. 2008లో తయారైన ఆ రాడ్లు బిగించేదాకా ఏళ్ల తరబడి నీరు చేరిన రంధ్రాల్లో ఉండిపోయాయి. గట్టిదనం ఎక్కువైన ఉక్కులోకి హైడ్రోజన్ చేరి, బిగుతు తోడై, పెళుసుగా విరిగాయి. కంప్యూటర్ మోడల్‌లో ఈ లోపం ఎన్నటికీ కనిపించేది కాదు.

అక్కడ పని సాగిన తీరును ఏ సమీక్షకైనా వరుసగా వాడుకోవచ్చు.

మొదట, విరిగిన భాగం చేయవలసిన పనిని ఇంకెలా చేయించాలో తేల్చారు: రాడ్లు కాంక్రీటులో కూరుకుపోయి మార్చడానికి వీల్లేనందున, షియర్ కీ మీదుగా ఉక్కు జీను లాంటి అమరిక వేసి, పోస్ట్ టెన్షనింగ్ కేబుళ్లతో (గట్టిగా లాగి బిగించే ఉక్కు తీగలతో) కిందికి బిగించాలని నిర్ణయించారు. రెండోది, అది పూర్తయ్యేదాకా తాత్కాలిక ఏర్పాటు: బేరింగుల దగ్గర ఖాళీని నింపే షిమ్ పలకలు దూర్చి, షియర్ కీల పని బేరింగులు చేసేలా చూశారు. ఆ ఏర్పాటుతోనే 2013 సెప్టెంబరు మొదటి వారంలో వంతెన తెరిచారు. శాశ్వత మరమ్మతు డిసెంబరులో ముగిసింది. పాత వంతెన మీద వాహనాలు తిరగడం అంతకంటే పెద్ద ముప్పు కనుక ఇది సబబైన నిర్ణయమేనని నా అభిప్రాయం. మూడోది, అదే రకం ఉక్కు వంతెనలో ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతికి, నమూనాలను ఉప్పునీటిలో ఉంచి, రోజుల తరబడి క్రమంగా బిగుతు పెంచుతూ ఏ బిగుతు దగ్గర విరుగుతాయో పరీక్షించారు.

మూడో పనినే చాలామంది వదిలేస్తారు. విరిగినదాన్ని బాగుచేసి ఫైలు మూసేస్తే, దాని తోబుట్టువులు వేరేచోట విరుగుతాయి. బే బ్రిడ్జిలోనే తర్వాత టవరు పునాదిలోని 400కి పైగా రాడ్ల దగ్గర కూడా నీరు చేరినట్లు బయటపడి, మళ్లీ పరీక్షలు జరపవలసి వచ్చింది.

9. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

*‘కోడ్‌కు అనుగుణంగా ఉంది’ అన్న వాక్యంతో ముగించడం.* ఏ ఏడాది కోడ్‌కో రాయండి. పాత కోడ్‌కు సరిపోయి ఇప్పటి కోడ్‌కు సరిపోని భాగాలను విడిగా పట్టిక వేయండి.

*పియర్ బలం చూసి పునాదిని వదిలేయడం.* పియర్ అడుగున చువ్వలు లొంగినప్పుడు పుట్టే గరిష్ఠ బలానికి పునాది, బేరింగు, బోల్టులు నిలవాలి. లెక్కలో వచ్చిన మామూలు బలానికి నిలిస్తే చాలదు.

*ఒక్క భూకంప రికార్డుతో విశ్లేషించడం.* కనీసం ఏడు జతల రికార్డులు వాడి సగటు తీసుకోండి. మూడే ఉంటే గరిష్ఠం తీసుకోండి.

*నది కోతను మరిచిపోవడం.* ఇసుక కొట్టుకుపోయిన పియర్ పొడవు పెరుగుతుంది, ఊగే కాలం మారుతుంది. డిజైన్ నాటి నదీగర్భం మట్టం కాకుండా ఇప్పటి మట్టాన్ని కొలిపించండి.

10. నివేదిక, ఆ తర్వాతి పని

ప్రతి పరిశీలనకు నాలుగు గడులు చాలు: ఏం కనిపించింది, దాని వల్ల ఏం జరగవచ్చు, ఏం చేయాలి, ఎప్పటిలోగా. తీవ్రతను మూడు తరగతులుగా విడదీయండి: వాహనాలను ఇప్పుడే ఆపవలసినవి, నెలల్లో సరిచేయవలసినవి, వచ్చే పెద్ద మరమ్మతుతో కలపదగినవి. మొదటి తరగతిలో ఏదైనా ఉంటే నివేదిక పూర్తయ్యేదాకా ఆగకుండా అదే రోజు లేఖ రాయండి.

సిఫార్సుల అమలును నమోదు చేసే పట్టిక యజమాని దగ్గర ఉండాలి, దాని ప్రతి సమీక్ష బృందానికి ఆరు నెలలకొకసారి రావాలి. ‘పూర్తయింది’ అని రాసిన ప్రతి వరుసకు ఫొటో, కొలత, సంతకం జతచేయాలి.

దీంతోపాటు భూకంపం తర్వాతి తనిఖీ పత్రం కూడా బృందమే తయారుచేసి ఇవ్వాలి. కుదుపు ఆగిన గంటలో వచ్చే జూనియర్ ఇంజినీరు ముందుగా ఏ జాయింట్ దగ్గరికి వెళ్లాలి, ఏ ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లు దాటితే వాహనాలు ఆపాలి, పైఅధికారి ఫోన్ కలవకపోతే ఆపే అధికారం తనకు ఉందా అన్నవి ఒక్క పేజీలో, చీకట్లో టార్చి వెలుగులో చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.